విద్యకై పరదేశ ప్రయాణం – తల్లిదండ్రుల అనుమతి

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన దాసుడు, అంతిమ ప్రవక్త అయిన ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



నేడు మనము ఒక సంతకాన్ని గురించి ఆలోచిద్దాము. పద్దెనిమిది ఏళ్ళు నిండని బిడ్డ పరదేశానికి వెళ్ళాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పాస్‌పోర్టు దరఖాస్తుతో వారి అంగీకార పత్రం జతపరచాలి. మన కుమ్మరిగూడలోని పాస్‌పోర్టు కార్యాలయంలో ఎంత పెద్ద అధికారి కూర్చున్నా, ఆ బిడ్డ ప్రయాణాన్ని మొదట నిర్ణయించేది ఇంట్లోని అమ్మానాన్నలే. ఆ అధికారాన్ని అల్లాహ్ మనకు అమానతుగా ఇచ్చాడు. అమానతును గురించి ప్రళయదినాన ప్రశ్న ఉంటుంది. కాబట్టి సంతకం చేసినా, నిరాకరించినా, దానికి మన వద్ద సమాధానం ఉండాలి.

మన మహల్లాలలో పదవ తరగతి, ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్లలు కొందరు ఎక్స్‌ఛేంజ్ కార్యక్రమాల దరఖాస్తులు ఇంటికి తెస్తున్నారు. కొన్ని ఇళ్ళలో ఆ కాగితాన్ని చదవకుండానే పక్కన పెడుతున్నారు. "ఇంత చిన్న వయసులోనా?" అన్న ఒక్క మాటతో విషయం ముగిసిపోతున్నది. ఆ మాటలో ప్రేమ ఉన్నది, కాదనలేము. అయితే ప్రేమతో చెప్పిన మాటనైనా విచారించి చెప్పడం విశ్వాసి లక్షణం.

ముందుగా ఈ కార్యక్రమం ఏమిటో తెలుసుకుందాము. ఎక్స్‌ఛేంజ్ అంటే పట్టా కోసం వెళ్ళడం కాదు. విద్యార్థి ఒక విద్యాసంవత్సరమో, అంతకంటే తక్కువ కాలమో మరొక దేశంలో ఒక కుటుంబంతో కలిసి నివసించి, అక్కడి పాఠశాలలో చదివి, తిరిగి స్వదేశానికి వస్తాడు. వీటిలో మన సమాజానికి దగ్గరి సంబంధం గలది కెన్నెడీ–లూగర్ యూత్ ఎక్స్‌ఛేంజ్ అండ్ స్టడీ కార్యక్రమం. దానిని క్లుప్తంగా 'యెస్' అంటారు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత, ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల విద్యార్థులకూ అమెరికా ప్రజలకూ మధ్య పరిచయం పెంచాలని 2002లో దీనిని నెలకొల్పారు. మన దేశంలో దీనిని ఏ.ఎఫ్.ఎస్. అనే సంస్థ నిర్వహిస్తూ వచ్చింది. ఆ సంస్థ చరిత్ర కూడా తెలుసుకోదగినదే. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడినవారిని మోసిన అంబులెన్సు స్వచ్ఛంద సేవకులతో అది మొదలైంది. రెండవ యుద్ధం ముగిశాక, ఒక దేశపు పిల్లలు మరొక దేశపు ఇళ్ళలో పెరిగితే శత్రుత్వం తగ్గుతుందన్న ఆశతో విద్యార్థుల మార్పిడిని చేపట్టింది.

యెస్‌కు ఎంపికైన విద్యార్థికి విమాన ఛార్జీలు, వీసా, ఆరోగ్య బీమా, నెలకు కొంత చేతిఖర్చు ఆ కార్యక్రమమే భరిస్తుంది. ఇటువంటి పాఠశాల విద్యార్థులకు ఆతిథ్యమిచ్చే అమెరికా కుటుంబం దానికి జీతం తీసుకోదు. ఆ ఇంట్లోని పెద్దవారందరి నేరచరిత్రను ముందుగా పరిశీలిస్తారు. స్థానిక సమన్వయకర్త ఒకరు నెలనెలా విద్యార్థి యోగక్షేమాలు విచారించాలన్నది అక్కడి ప్రభుత్వ నిబంధన. నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి గనుక దరఖాస్తు చేసే సంవత్సరంలో ఏమున్నదో తల్లిదండ్రులే స్వయంగా చదివి తెలుసుకోవాలి.

సోదరులారా! ఇప్పుడు మనలను మనమే ఒక ప్రశ్న వేసుకుందాము. మనము పరదేశానికి భయపడేవారమా? బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో 2008 నుండి 2023 వరకు అమెరికా కాన్సులేటు నడిచింది. పొద్దుపొద్దున్నే ఫైళ్ళు పట్టుకొని దాని ముందు వరుసలో నిలిచిన యువకులను మనమందరము చూశాము. వారిలో మన ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. పై చదువు కోసం లక్షల రూపాయల అప్పు చేసి, ఇల్లు తాకట్టు పెట్టి మరీ పంపాము. అక్కడ ఆ అబ్బాయి ఎవరితో ఉంటాడో, ఏమి తింటాడో, నమాజు చేస్తాడో లేదో పెద్దగా అడగలేదు. చదువు వెనుక ఉద్యోగం కనిపించింది కాబట్టి ధైర్యం వచ్చింది. పదహారేళ్ళ బిడ్డ ఒక కుటుంబం కనిపెట్టుకొని ఉండగా, ఖర్చు లేకుండా, తిరిగి వచ్చే షరతుపై వెళ్తానంటే మాత్రం వణికిపోతున్నాము. మన భయానికి కారణం వయసేనా, లేక ఈ చదువులో వెంటనే జీతం కనిపించకపోవడమా? ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

విద్య కోసం చైనా వరకైనా వెళ్ళమన్న మాటను మనలో చాలామంది హదీసుగా చెప్పుకుంటారు. హదీసు పండితులు దాని పరంపర బలహీనమైనదని తేల్చారు. దానిపై ఆధారపడవలసిన అవసరం మనకు లేదు. అంతకంటే బలమైన ఉదాహరణలు మన చరిత్రలోనే ఉన్నాయి.

పసిబిడ్డలను పల్లెకు పంపడం మక్కా ప్రముఖుల ఆచారం. ఎడారి గాలిలో ఆరోగ్యంగా పెరుగుతారని, స్వచ్ఛమైన అరబీ భాష అలవడుతుందని వారు అలా చేసేవారు. భర్తను కోల్పోయిన ఆమినా తన ఏకైక కుమారుణ్ణి బనూ సఅద్ తెగకు చెందిన హలీమా ఒడిలో పెట్టి పంపారు. మన ప్రవక్త (సఅసం) బాల్యంలోని మొదటి సంవత్సరాలు గడచినది పరాయి ఇంట్లోనే. మదీనాలో ఉమ్మె సులైమ్ (రజి) తన పదేళ్ళ కుమారుడు అనస్‌ను ప్రవక్త (సఅసం) సేవకు అప్పగించారు. ఆయన పదేళ్ళు ఆ ఇంట్లో పెరిగి, వేలాది హదీసులను మనకు అందించారు. జైద్ బిన్ సాబిత్ (రజి) ఇంకా చిన్న వయసులో ఉండగానే యూదుల లిపి నేర్చుకోమని ప్రవక్త (సఅసం) ఆదేశించారు. ఇతరుల భాష, ఇతరుల రాత తెలిసిన ఒక యువకుడు సమాజానికి అవసరమని ఆయన గుర్తించారు. ఆ యువకుడే తరువాత దివ్య ఖుర్ఆన్‌ను సంకలనం చేసే బాధ్యతను నిర్వహించారు.

ఇమామ్ బుఖారీ (రహ్మలై) వృత్తాంతం నేటి మన ప్రశ్నకు మరింత దగ్గరగా ఉన్నది. ఆయన హిజ్రీ 194లో బుఖారా నగరంలో జన్మించారు. తండ్రి చిన్నతనంలోనే కన్నుమూశారు. సుమారు పదహారేళ్ళ వయసులో తల్లితో, అన్నతో కలిసి హజ్ యాత్రకు వెళ్ళారు. హజ్ ముగిసింది. తల్లి, అన్న ఇంటికి తిరిగి వెళ్ళారు. ఆయన విద్య కోసం మక్కాలోనే ఉండిపోయారు. ఆనాడు ఉత్తరం చేరడానికే నెలలు పట్టేది. పదహారేళ్ళ కుమారుణ్ణి అంత దూరాన వదలి, ఎడారులూ కొండలూ దాటి ఇంటికి చేరిన ఆ వితంతువు మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. నేడు మనము ఒక హదీసును బుఖారీ గ్రంథంలో ఉన్నదని చెప్పి నిశ్చింతగా ఆచరిస్తున్నామంటే, ఆ నిశ్చింతలో ఆ తల్లి ఓర్పుకూ వాటా ఉన్నది.

మన నగరాల చరిత్రా ఇదే చెబుతున్నది. హైదరాబాదులో 1879లో పుట్టిన ఒక బాలిక 1895లో, పదహారేళ్ళ వయసులో, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన ఉపకారవేతనంతో ఇంగ్లండుకు వెళ్ళింది. లండన్ కింగ్స్ కాలేజీలోనూ, కేంబ్రిడ్జి గిర్టన్ కాలేజీలోనూ చదివి 1898లో తిరిగి వచ్చింది. ఆమే సరోజినీ నాయుడు. ముస్లిం పాలకుడు ఖర్చు భరించాడు, హిందూ తల్లిదండ్రులు పంపారు, ఓడలో వారాల తరబడి ప్రయాణం. అది నూట ఇరవై ఏళ్ళకు పైబడిన మాట. సికింద్రాబాదు సంగతి చెప్పనే అక్కరలేదు. 1806లో సికందర్ జా పేరున వెలసిన ఈ ఊరిని వలస వచ్చినవారే నిలబెట్టారు. దండులో కొలువుకు, లాలాగూడ రైల్వే కార్ఖానాలో పనికి, బజారులో వ్యాపారానికి మన తాతముత్తాతలలో ఎందరో ఎక్కడెక్కడి నుండో వచ్చారు. వారి తల్లులు గడప దాటనీయకపోయి ఉంటే ఈ మస్జిదులో ఈ వరుసలు ఉండేవి కావు.

ఇక తల్లిదండ్రుల భయాలను ఒక్కొక్కటిగా చూద్దాము. వాటిని తేలికగా తీసివేయడం న్యాయం కాదు.

మొదటిది ప్రాణభయం. కరాచీకి చెందిన సబీకా షేక్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి ఇదే యెస్ కార్యక్రమం ద్వారా అమెరికాలోని టెక్సస్ రాష్ట్రానికి వెళ్ళింది. 2018 మే 18న, రమజాన్ మాసం ప్రారంభంలో, ఆమె చదువుతున్న శాంటా ఫే పాఠశాలలో ఒక విద్యార్థి జరిపిన కాల్పులలో పదిమంది మరణించారు. వారిలో సబీకా ఒకరు. కొద్ది వారాలలో ఇంటికి చేరి పండుగ జరుపుకోవలసిన బిడ్డ ఆమె. అల్లాహ్ ఆమెను కరుణించుగాక! ఈ సంగతిని దాచి మీ చేత సంతకం పెట్టించాలని మేము కోరుకోము. ఆ దేశంలో తుపాకుల బెడద నిజమైనది. దానిని తూచి చూడవలసిందే. అయితే తూకానికి రెండు పళ్ళాలు ఉంటాయి. మన బిడ్డలు రోజూ హెల్మెట్ లేకుండా బండిపై వెళ్ళే మన రోడ్లు కూడా ఎందరి ఇళ్ళలోనో దీపాలు ఆర్పాయి. మరణ ఘడియ అల్లాహ్ చేతిలో ఉన్నది. జాగ్రత్త మన చేతిలో ఉన్నది. ఏ దేశం, ఏ ఊరు, ఏ కుటుంబం అని అడిగి తెలుసుకొని, మనసు ఒప్పకపోతే నిరాకరించే హక్కు మీకు సంపూర్ణంగా ఉన్నది.

రెండవది విశ్వాసం గురించిన భయం. పరాయి మతస్థుల ఇంట్లో ఉంటే బిడ్డ ధర్మం ఏమవుతుందన్నది సరైన ప్రశ్నే. మక్కాలో హింస పెరిగినప్పుడు ప్రవక్త (సఅసం) తన అనుచరులను క్రైస్తవ రాజు నజాషీ పాలించే అబిసీనియాకు పంపారు. జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) కుటుంబం అక్కడ ఏళ్ళ తరబడి నివసించింది. ఆయన కుమారుడు అబ్దుల్లాహ్ అక్కడే పుట్టాడు. వారి విశ్వాసం చెదరలేదు. ఇంట్లో పునాది గట్టిగా ఉన్నందువల్లే బయటి గాలికి వారు తట్టుకున్నారు. కాబట్టి బిడ్డ ఇప్పుడు, మన కళ్ళ ముందు, ఎవరూ చెప్పకుండా ఫజ్ర్‌కు లేస్తున్నాడా? అబద్ధం చెప్పడానికి సిగ్గుపడుతున్నాడా? వద్దు అనవలసిన చోట వద్దు అనగలుగుతున్నాడా? ఈ మూడింటికీ అవునన్న జవాబు రాకపోతే, ఆ లోటు అమెరికాది కాదు, మన ఇంటిది. ముందు దానిని సరిదిద్దుకుందాము. హలాల్ ఆహారం, నమాజు, ఉపవాసాలు, హిజాబు గురించి దరఖాస్తులోనే స్పష్టంగా రాయాలి. అక్కడి ప్రభుత్వ పాఠశాలలో విద్యార్థి తనంతట తాను ప్రార్థన చేసుకునే హక్కును ఆ దేశ రాజ్యాంగం కాపాడుతున్నది. అడగడానికి బిడ్డ జంకకూడదు, అంతే.

మూడవది ఆడపిల్లను గురించిన భయం. మహ్రమ్ లేకుండా స్త్రీ ప్రయాణించడంపై హదీసులు ఉన్నాయి. చాలామంది పండితులు వాటిని యథాతథంగా తీసుకున్నారు. మార్గం సురక్షితమై, నమ్మకమైన తోడు ఉన్నప్పుడు అవకాశం ఉన్నదని మరికొందరు అన్నారు. హీరా నగరం నుండి ఒక స్త్రీ అల్లాహ్‌కు తప్ప ఎవరికీ భయపడకుండా కాబా వరకు ప్రయాణించే కాలం వస్తుందని ప్రవక్త (సఅసం) అదీ బిన్ హాతిమ్ (రజి)తో చెప్పిన మాటను వారు ఆధారంగా చూపుతారు. మీరు విశ్వసించే ఆలింను అడిగి నిర్ణయించుకోండి. కాని ఒక్క మనవి. ప్రశ్న అడిగాక వచ్చిన జవాబు వేరు, ప్రశ్నే అడగకుండా "ఆడపిల్లకు ఎందుకు?" అనడం వేరు. మొదటిది ధర్మం. రెండవది అలవాటు. అలవాటుకు ధర్మం పేరు పెట్టవద్దు.

నాలుగవది చదువు వెనుకబడుతుందన్న భయం. ఇంటర్మీడియట్ మధ్యలో ఏడాది విరామం వస్తే తిరిగి చేరడంలో చిక్కులు రావచ్చు, ప్రవేశ పరీక్షల సన్నాహం ఆలస్యం కావచ్చు. ఇది నిజమైన మూల్యమే. పాఠశాలతో, బోర్డుతో ముందుగానే మాట్లాడి, రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఐదవది బిడ్డ తిరిగి రాడన్న భయం. యెస్ వీసాపై వెళ్ళినవారు తిరిగి వచ్చి రెండేళ్ళు స్వదేశంలో గడిపితేనే కొన్ని రకాల వీసాలకు అర్హులవుతారు. కాబట్టి అక్కడే స్థిరపడిపోతాడన్న బెంగకు ఇందులో తావు తక్కువ.

సోదరులారా! ఈ భయాలన్నింటినీ మోసిన ఒక తల్లిని ఖుర్ఆన్ మన ముందు నిలిపింది. ఆమె మూసా (అలై) మాతృమూర్తి. బిడ్డను నదిలో వదలమని ఆమెకు ప్రేరణ కలిగింది. ఆమె వదిలింది. ఆమె హృదయం శూన్యమైపోయిందని ఖుర్ఆన్ దాచకుండా తెలియజేస్తున్నది. భయం కలగడం విశ్వాస లోపం కాదని దీనివల్ల మనకు తెలుస్తున్నది. అయితే ఆమె మరొక పని కూడా చేసింది. కుమార్తెను పిలిచి, తమ్ముడి వెంట వెళ్ళి చూడమన్నది. ఆ అమ్మాయి ఎవరికీ అనుమానం రాకుండా దూరం నుండి గమనించింది. తగిన సమయంలో ముందుకు వచ్చి మాట్లాడింది. ఆ మాటతోనే బిడ్డ తిరిగి తల్లి ఒడికి చేరాడు. తవక్కుల్ అంటే ఇదే. నదికి అప్పగించడమూ ఉన్నది, గట్టు వెంట నడవడమూ ఉన్నది.

మనము గట్టు వెంట ఎలా నడవాలి? ఆతిథ్యమిచ్చే కుటుంబంతో ప్రయాణానికి ముందే మాట్లాడాలి. వారానికి ఒక రోజు, ఒక సమయం నిర్ణయించుకొని బిడ్డ ముఖం చూస్తూ మాట్లాడాలి. రోజుకు పదిసార్లు ఫోను చేస్తే బిడ్డ అక్కడ ఉండలేడు. నెలకొకసారి చేస్తే మనము ఇక్కడ ఉండలేము. సమన్వయకర్త పేరు, నంబరు తల్లి వద్దా తండ్రి వద్దా విడివిడిగా ఉండాలి. దగ్గరలోని మస్జిదు ఏదో ముందే తెలుసుకోవాలి. ఇల్లు బాగాలేకపోతే మార్చమని అడగవచ్చని, చెప్పినందుకు ఎవరూ కోపగించుకోరని బిడ్డకు ముందే ధైర్యం చెప్పాలి. డబ్బు తీసుకొని సీటు ఖాయం చేస్తామనే దళారులను గడప తొక్కనీయకూడదు.

ఇక ప్రియమైన పిల్లలారా, మీతో కూడా ఒక మాట. అనుమతి కోసం అలగవద్దు, అన్నం మానవద్దు, నాన్నకు తెలియకుండా అమ్మతో, అమ్మకు తెలియకుండా నాన్నతో సంతకం పెట్టించుకోవద్దు. దరఖాస్తు మొత్తం తెలుగులోనో ఉర్దూలోనో వారికి చదివి వినిపించండి. కష్టాలను కూడా మీరే చెప్పండి. కష్టం చెప్పగలిగిన బిడ్డను తల్లిదండ్రులు నమ్ముతారు. మీ గది ఊడ్చుకోవడం, మీ బట్టలు ఉతుక్కోవడం, సమయానికి ఇంటికి రావడం నేటి నుండే మొదలుపెట్టండి. వాటికంటే గట్టి సిఫారసు లేదు. అన్నీ చేశాక కూడా వారు వద్దంటే సహనం వహించండి. తల్లిదండ్రుల మనసు నొప్పించి చేసే ప్రయాణంలో శుభం ఉండదు. విద్యకు ఇదొక్కటే ద్వారం కాదు.

తండ్రులారా! ఇబ్రాహీం (అలై)కు ప్రభువు ఆజ్ఞ కలలో అందింది. అయినా ఆయన కుమారుని ఎదుట కూర్చొని, నీ అభిప్రాయమేమిటని అడిగారు. ప్రవక్త అంతటివారు కుమారుణ్ణి సంప్రదించినప్పుడు, మనము మాట్లాడే ముందే తీర్పు చెప్పడం తగునా? కొడుకును అమెరికా పంపామని చుట్టాల ముందు చెప్పుకోవడానికి బిడ్డకు ఇష్టం లేకపోయినా పంపే తండ్రులూ ఉన్నారు. అది కూడా అమానతుకు ద్రోహమే. ఇంటిల్లిపాదీ కూర్చొని మష్వరా చేయండి. ఇస్తిఖారా నమాజు చేయండి. తరువాత అవునని చెప్పినా, కాదని చెప్పినా కారణం చెప్పండి. కారణం చెప్పిన నిరాకరణను బిడ్డ పెద్దయ్యాక అర్థం చేసుకుంటాడు. కారణం చెప్పని నిరాకరణ జీవితాంతం గుండెలో ముల్లై ఉంటుంది.

తల్లిదండ్రుల దుఆ, ప్రయాణికుని దుఆ తిరస్కరించబడవని ప్రవక్త (సఅసం) తెలియజేశారు. బిడ్డ పరదేశంలోనూ తల్లి ఇంట్లోనూ చేతులెత్తితే, ఆ రెండు దుఆలూ ఒకే ప్రభువు సన్నిధికి చేరుతాయి.

ఓ అల్లాహ్! మా బిడ్డలకు మేలైన విద్యను ప్రసాదించు. వెళ్ళేవారిని నీ రక్షణలో ఉంచు, ఉండిపోయేవారికి ఇక్కడే ద్వారాలు తెరువు. తల్లిదండ్రులమైన మాకు న్యాయంగా ఆలోచించే మనసును, ధైర్యంగా అనుమతించే శక్తిని, తగిన కారణం ఉన్నప్పుడు ప్రేమతో నిరాకరించే వివేకాన్ని అనుగ్రహించు. మూసా తల్లి హృదయాన్ని నిలబెట్టినట్లు మా హృదయాలను నిలబెట్టు. ఆమీన్.